వాళ్ళ కుందేళ్ళు

ఆయన గురించి ఇంతకాలం రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. యాభై మూడో ఏట, మా చర్చిలో ఆదివారం మధ్యాహ్నాలు నర్సమ్మలు నడిపిన బడిలో అక్షరాలు దిద్దాను. ఆ తరువాత కూడా రాయలేదు. అప్పటికి ఆయన బతికే ఉన్నారు. నేను రాసింది ఎలాగో ఒకలా ఆయన చేతికి చేరేది. చేరితే పక్కన ఎర్ర సిరాతో "దీనికి ఆధారమేమిటి" అని రాసి తిప్పి పంపేవారు. ముప్పై ఏళ్ళు సర్కారు కాగితాలను ఊళ్ళకు పంపిన మనిషికి ఒక కాగితాన్ని ఢిల్లీలో మా బేర్ సరాయ్‌కి పంపడం ఎంత పని.

పోయిన నెల ఆయన ఢిల్లీలోనే ద్వారకలో అన్నగారి అబ్బాయి ఇంట్లో పోయారని, పోయి అప్పటికే ఇరవై రోజులైందని, ఒకప్పుడు ఆయన కింది వాటాలో ఉన్నావిడ ప్రార్థన అయ్యాక చెప్పులు వేసుకుంటూ చెప్పింది.

"అదే, ఆ కుందేళ్ళాయన" అంది.

"ఆయనకు కుందేళ్ళు లేవండీ" అన్నాను.

ఆవిడ నా వంక అదోలా చూసింది. నేను అన్నది నిజమే. రికార్డు ప్రకారం ఆయనకు ఏనాడూ కుందేళ్ళు లేవు.

ఆయన ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేసేవారు. ఎవరో రాసిన ఉత్తరాలను తూచి, చిరునామా చూసి, నంబరు వేసి, పంపడం ఆయన పని. కాకినాడ వైపు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు నాకు లేదు, చనువున్నవాళ్ళకు కూడా ఆయన జవాబు చెప్పినట్టు లేదు. మేము బేర్ సరాయ్‌లో చదువుకునే పిల్లలుండే గదుల మధ్య ఒక గదిలో ఉండేవాళ్ళం. మా ఆయన అక్కడే ఒక మెస్సులో వంట చేసేవాడు. నేను పొద్దున్నే నడుచుకుంటూ సర్కారీ క్వార్టర్లకు వెళ్ళి సారుకు వంట చేసి, గిన్నెలు తోమి, మరో రెండిళ్ళు చూసుకుని వచ్చేదాన్ని. మెట్రో ఇంకా మా వైపు రాని రోజులు.

కుందేళ్ళ సంగతి ఇది. ఆయన పై వాటాలో ఉన్న తెలుగు కుటుంబానికి షిల్లాంగు బదిలీ అయింది. వాళ్ళ పాప ముచ్చటపడి కొనిపించుకున్న కుందేళ్ళు రెండు. ఇల్లు దొరకగానే ఎవరినైనా పంపి తెప్పించుకుంటామని, పదిహేను రోజులు ఉంచమని సారును అడిగారు. సారు సరేనని ఒక కాగితం తీసి జాబితా రాశారు. కుందేళ్ళు, రెండు. ఇనుప బోను, ఒకటి. నీళ్ళ గిన్నె, ఒకటి, అంచు విరిగినది. పాప తండ్రి నవ్వుకుంటూ సంతకం పెట్టి రైలెక్కాడు. తరువాత మూడేళ్ళు గడిచాయి.

గడువు దాటిపోయిందని సారు ఒప్పుకునేవారు కాదు, పొడిగించారు అనేవారు. ఎవరు పొడిగించారో చెప్పేవారు కాదు. మూడు నెలలకొకసారి షిల్లాంగుకు ఉత్తరం వెళ్ళేది. రెండు కుందేళ్ళూ క్షేమం, గిన్నె అంచు మరికొంత విరిగినది. మొదట్లో రెండుసార్లు జవాబు వచ్చింది. తరువాత ఉత్తరాలు వెళ్ళడమే గాని రావడం లేదు. పంపడమే వృత్తి కనక ఆయనకు అందులో వింతేమీ తోచలేదు.

వాటికి ఆయన పేర్లు కూడా పెట్టలేదు. పాప వాటిని ఏదో పిలిచేది, అది జాబితాలో లేదు.

"ఏదో ఒక పేరు పెట్టండి సారూ, పిలవడానికుంటుంది" అన్నాను ఒకసారి.

"పేరు పెట్టడం యజమాని పని. మన దగ్గర ఉన్నాయి, అంతే. మనవి కావు."

బూడిద రంగు చెవి ఉన్నది మొదటిది, పూర్తిగా తెల్లనిది రెండోది. రెండూ కలిపి 'వాళ్ళ కుందేళ్ళు'. వాళ్ళ కుందేళ్ళు అన్నం తిన్నాయా, వాళ్ళ కుందేళ్ళు సోఫా కొరికాయి. సోఫా మాత్రం ఆయనదే.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ వస్తువైనా అరచేతిలో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, బరువు చెప్పేవారు. కాలిఫ్లవర్ తీసుకుని "సాత్ సౌ" అంటే, తోపుడుబండి అతను తక్కెట్లో వేసినా ఏడు వందల గ్రాములే తూగేది.

"బాబూజీ, ఆప్ హీ తోల్ లియా కరో, మై తరాజూ బేచ్ దేతా హూఁ" అనేవాడు అతను. తక్కెడ అమ్మేస్తానని బెదిరింపు. సారు దానికి నవ్వేవారు కాదు. "బేచ్ దో" అని, సంచీ పట్టుకుని వచ్చేసేవారు.

ఆఫీసుకు బయలుదేరే ముందు రోజూ కుందేళ్ళను ఒక్కొక్కటిగా రెండు చేతుల్లో ఎత్తుకుని అలాగే నిలబడేవారు. కొత్తలో ప్రార్థన చేస్తున్నారనుకున్నాను. తరువాత తెలిసింది, తూస్తున్నారు. నిమిరేవారు కాదు, ముద్దు మాటలు లేవు. పరాయి వాళ్ళ పిల్లను ఎత్తుకున్నట్టు కొంచెం దూరంగా పట్టుకునేవారు. కాని బజారులో కొత్తిమీర కట్టలు ఒక్కొక్కటి వాసన చూసి ఏరేది వాటికి. తనకు తెచ్చుకునే బెండకాయలు ముదిరిపోయి ఉండేవి.

రెండోదానికి పళ్ళు వంకరగా పెరిగేవి. కుందేలు పళ్ళు పెరుగుతూనే ఉంటాయట, నాకప్పుడే తెలిసింది. రెండు నెలలకొకసారి డాక్టరు చేత కత్తిరించాలి, లేకపోతే మేత తినలేదు. ఒకదాన్ని తీసుకెళితే మిగిలినది భయపడి మేత మానేస్తుంది కనక రెండింటినీ కలిపే తీసుకెళ్ళాలి. మా చుట్టుపక్కల కుక్కల డాక్టర్లు బోలెడుమంది. కుందేలనగానే "హమ్ ఖర్‌గోష్ నహీ దేఖ్‌తే" అనేవారు. చూసే డాక్టరమ్మ యమున అవతల లక్ష్మీ నగర్‌లో, ఒక కోచింగ్ సెంటరు కింద అంతస్తులో ఉంది. రెండు బస్సులు మారాలి. క్వార్టర్లలో అప్పటికే సగం మందికి కార్లు వచ్చాయి. దింపుతామని అడిగినవాళ్ళూ ఉన్నారు.

"వాళ్ళ కారు, వాళ్ళ ఆదివారం. నేనెవరిని వాడుకోవడానికి" అనేవారు సారు.

ఆటోవాళ్ళు సీటు పాడవుతుందని భయపడేవారు. పాడుచేయవని రాసిస్తానని సారు ఒకతనికి చెప్పారు. అతను ఆ కాగితం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. అందుకని బస్సే.

ఆ ప్రయాణానికి నేను ఎందుకంటే, ఆడవాళ్ళ సీటు కోసం. మగవాడు ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో బుట్ట పట్టుకుని యమున దాటలేడు. నాకు సీటు దొరుకుతుంది, బుట్ట నా ఒళ్ళో ఉంటుంది. కూరగాయలవాళ్ళు వాడే వెదురు బుట్ట అది. మూత మీద ఆయన 'లోపల ప్రాణులు, పై వైపు ఇది' అని ఇంగ్లీషులో, హిందీలో, తెలుగులో రాసి అతికించారు.

"ఢిల్లీ బస్సులో తెలుగు ఎవరు చదువుతారు సారూ?"

"నువ్వు చదవవూ?"

"నాకు చదువు రాదు గదా."

"వచ్చినప్పుడు చదువుదువుగాని" అన్నారు. వెటకారమో నమ్మకమో ఆయన ముఖం చూసి చెప్పడం కష్టం.

అసలు ఆలస్యం బస్సుల దగ్గర కాదు, మెట్ల దగ్గరే మొదలయ్యేది. ఆయన చేతి నుంచి ఏ వస్తువు ఎవరి చేతికి పోయినా ఒక పుస్తకంలో, ముట్టినట్టు సంతకం ఉండాలి. బుట్ట నా చేతికి ఇవ్వాలి కనక పుస్తకం తెరిచేవారు. నేను సంతకం రాదన్నాను. వేలిముద్ర చాలన్నారు. చాలు గాని, చదువు రానివాళ్ళ వేలిముద్రకు ఇద్దరు సాక్షులు ఉండాలట. మెట్ల కింద బట్టలు ఇస్త్రీ చేసే భయ్యా, గేటు దగ్గర చౌకీదారు నాకు సాక్షులయ్యారు. మొదటిసారి నవ్వారు. రెండోసారి టీ అడిగారు. మూడోసారి నుంచి టీ వచ్చాకే కలం పట్టేవారు. ఇస్త్రీ భయ్యా అయితే "దీదీ కా అంగూఠా బడా మెహంగా హై" అని, దీదీ బొటనవేలు బాగా ఖరీదని, వచ్చేపోయేవాళ్ళకు చెప్పేవాడు.

ఒకరోజు విసిగిపోయి అన్నాను. "నేనెక్కడికి పోతాను సారూ? మీ ముందు సీట్లోనే గదా ఉండేది."

"నువ్వు పోతావని కాదు. తోవలో నాకేదైనా అయిందనుకో. ఈ బుట్ట నీ దగ్గర ఎందుకుందని పోలీసు అడిగితే ఏం చూపిస్తావు?"

నేను బొటనవేలు ముందుకు చాపాను.

"కాగితం, ఉన్నవాళ్ళకంటే లేనివాళ్ళకే ఎక్కువ కావాలి" అని, సిరా డబ్బీ మూత తీశారు.

ఇక బస్సు. నేను బుట్ట మీద పాలకూర కట్టలు కప్పితే ఎవరూ అడగరు. ఆయన కప్పనిచ్చేవారు కాదు. ఎక్కీ ఎక్కగానే బుట్టలో రెండు ప్రాణులున్నాయని కండక్టరుకు తానే చెప్పేవారు. "ఇస్ మే దో జీవ్ హై."

"కౌన్ సా జీవ్?"

"ఖర్‌గోష్."

"ఉతరో, ఉతరో. చిడియాఘర్ కీ బస్ నహీ హై."

ఇది జూ బస్సు కాదు, దిగమంటే దిగేవాళ్ళం. సగటున మూడో కండక్టరో నాలుగో కండక్టరో నవ్వి లగేజీ టికెట్టు ఇచ్చేవాడు. "అడగందే ఎందుకు చెబుతారు సారూ" అంటే, "అడిగేదాకా దాచడం కూడా చెప్పకపోవడమే" అనేవారు. అప్పటికి మేము ఎండలో ముప్పావు గంట నిలబడి ఉండేవాళ్ళం. బుట్ట మీద తడిగుడ్డ ఆరిపోయి ఉండేది. సారు తన సీసాలో నీళ్ళు దాని మీద చల్లి, తాను తాగకుండా మూత పెట్టేవారు.

మే నెలలో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన రెండోదాన్ని చేతుల్లో పట్టుకుని హాలు మధ్యలో నిలబడి ఉన్నారు. ఆఫీసు బట్టలు వేసుకోలేదు.

"తొంభై గ్రాములు తగ్గింది" అన్నారు. "నిన్న ఇరవై అనుకున్నాను. నా చెయ్యి పొరపాటు పడిందనుకున్నాను."

చూస్తే కొత్తిమీర అలాగే ఉంది. పొట్ట గట్టిగా, బిగుసుకుని ఉంది. కుందేలు ఒకరోజు తినకపోతే ప్రాణాల మీదికి వచ్చినట్టేనని డాక్టరమ్మ ఇదివరకే చెప్పింది. సారు పుస్తకం తెరిచారు. ఆ రోజు చౌకీదారు సెలవు. ఇస్త్రీ భయ్యా ఒక్కడే ఉన్నాడు. సారు పుస్తకం వంక చూశారు, గేటు వంక చూశారు, నా వంక చూశారు. బుట్ట తానే పట్టుకుని మెట్లు దిగారు. అదీ ఆయన పద్ధతి. చేతులు మారకపోతే సంతకం అక్కర్లేదు.

మొదటి బస్సులో చెప్పారు. దింపేశారు. రెండో బస్సులో చెప్పారు. దింపేశారు. స్టాపులో నీడ లేదు. బుట్టలో రెండోది పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. నొప్పికి అలా చేస్తాయి. మూడో బస్సు వచ్చేసరికి నేను ఆయన చేతిలో నుంచి బుట్ట లాక్కుని, కొంగు కప్పి, ఎక్కేశాను. సంతకం లేదు, సాక్షులు లేరు. వెనక ఆయన ఎక్కారు.

"బుట్టలో ఏముంది?" కండక్టరు హిందీలో అడిగాడు.

"సబ్జీ" అన్నాను, కూరగాయలని.

సారు వినిపించుకున్నారు. నా వైపు రాలేదు, నన్ను ఎరగనట్టు వెనకే నిలబడ్డారు. కాస్సేపటికి ఆయన గొంతు వినిపించింది.

"ఏక్ లగేజ్ టికెట్ దేనా."

"లగేజ్ కహాఁ హై అంకుల్?"

"హై" అన్నారు. ఎక్కడుందో ఆ మనిషి మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవారే.

డాక్టరమ్మ రెండోదాని పొట్ట నొక్కి చూసి ముఖం మార్చుకుంది. మూత్రసంచిలో రాయి, దారి మూసుకుపోయింది, ఇవాళే కోసి తీయాలి అంది. రేపటిదాకా ఉండదని కూడా అంది. ఒక కాగితం, కలం సారు ముందు పెట్టింది. "ఓనర్ సైన్ యహాఁ."

సారు కళ్ళజోడు తుడుచుకుని కాగితం రెండు వైపులా చదివారు. వెనక వైపు ఏమీ లేదు, అదీ చూశారు.

"నేను ఓనర్ని కాను" అన్నారు.

"తో కౌన్ హై?"

"వాళ్ళు షిల్లాంగులో ఉన్నారు. నేను స్పీడ్ పోస్టులో రాస్తాను. అనుమతి రాగానే..."

డాక్టరమ్మ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. "ఫోన్ కీజియే నా, అంకుల్."

వాళ్ళిచ్చిన నంబరు పాత ఆఫీసుది. రెండేళ్ళుగా ఎవరూ ఎత్తడం లేదు. ఆ మాట ఆయనే చెప్పారు.

"అంకుల్, చిట్ఠీ ఆనే తక్ యే నహీ బచేగీ."

ఉత్తరం వచ్చేదాకా అది బతకదన్న సంగతి ఆయనకు తెలియక కాదు. కలం పట్టుకున్నారు, వదిలారు. మళ్ళీ పట్టుకున్నారు. చొక్కా వీపు అంతా తడిసిపోయింది. ముప్పై ఏళ్ళలో తనది కాని గీత మీద సంతకం పెట్టని చెయ్యి అది. బల్ల మీద రెండోది ఒక పక్కకు ఒరిగి, నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది. ఆయన దాన్ని చూస్తున్నారు, కాగితాన్ని చూస్తున్నారు. ఆ మనిషిని చూస్తే నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"మేరా హై" అన్నాను.

సారు తల తిప్పి నన్ను చూశారు.

"ఈ కుందేలు నాది డాక్టరమ్మా, కోసెయ్యండి" అని, అదే మాట హిందీలో కూడా చెప్పాను. సంతకం రాదంటే ఆవిడ సిరా డబ్బీ జరిపింది. వేలు అద్ది, కాగితం మీద నొక్కాను.

అప్పుడు సారు గొంతు సవరించుకున్నారు. నన్ను అబద్ధాలకోరుని అంటారనుకున్నాను.

"వేలిముద్రకు ఇద్దరు సాక్షులు కావాలి" అన్నారు.

"అయితే మీరే పెట్టండి. ఇంకొకటి మా కంపౌండర్ పెడతాడు" అంది డాక్టరమ్మ హిందీలో, చేతులకు తొడుగులు వేసుకుంటూ.

ఆయన గోడ వైపు తిరిగారు. తరువాత తెలుగులో, గోడకే చెప్పారు. "సాక్షి, వేలు ఎవరిదో దానికే సాక్షి. కాగితంలో ఉన్న విషయానికి కాదు."

పూర్తి పేరు, హోదా, తేదీ, సమయం రాసి సంతకం పెట్టారు.

ఆపరేషన్ అయ్యేవరకు మేము మెట్ల మీద కూర్చున్నాం. పైన కోచింగ్ సెంటరుకు పోయే పిల్లలు మమ్మల్ని దాటుకుంటూ ఎక్కుతున్నారు. మొదటిది సారు ఒళ్ళో ఉంది. బుట్టలో కాదు, ఒళ్ళో.

"అబద్ధం ఎందుకాడావు?" అన్నారు.

"మరి మీరెందుకు సంతకం పెట్టారు?"

"నేను అబద్ధానికి పెట్టలేదు. నీ వేలికి పెట్టాను."

నాకు నవ్వు వచ్చింది. ఆయనకు రాలేదు. మొదటిదాని బూడిద రంగు చెవిని వేలితో రాస్తూ కూర్చున్నారు. ఆ పని ఆయన చేయడం అంతకుముందు నేను చూడలేదు. చేస్తున్నట్టు ఆయనకూ తెలిసినట్టు లేదు.

సాయంత్రానికి రెండోది మత్తు వదిలి, ఒక కొత్తిమీర రెమ్మ నోట పెట్టుకుంది. బతుకుతుందంది డాక్టరమ్మ. తిరుగు ప్రయాణానికి ఒక ముసలి ఆటో అతను బుట్టలోకి తొంగిచూసి ఏమీ అనకుండా ఎక్కించుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి తలుపు తెరిచే ఉంది. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. గుమ్మం పక్కన బుట్ట సిద్ధంగా ఉంది. లోపల ఆయన పాత పంచె మడతపెట్టి పరిచి ఉంది, దాని మీద రెండోది. పక్కన మందు సీసా, ఏ పూట ఎన్ని చుక్కలో రాసిన కాగితం, ఏరిన కొత్తిమీర. బోనులో మొదటిది ఒక్కటే ఉంది, ఊచల్లోంచి ముక్కు బయటికి పెట్టి బుట్ట వైపు చూస్తోంది.

"రండి" అన్నారు సారు.

నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. మూడేళ్ళు నన్ను నువ్వు అన్న మనిషి.

"మీ కుందేలు. తీసుకెళ్ళండి. కాగితం ప్రకారం రెండోది మీది. మొదటిది వాళ్ళది, అది ఇక్కడ ఉంటుంది. షిల్లాంగుకు నేను రాసుకుంటాను."

"నేను తీసుకెళ్ళి ఎక్కడ పెట్టను సారూ? ఒక్క గది. దాన్లోనే పొయ్యి."

"అది మీ ఇష్టం. యజమాని మీరు. నేను సాక్షిని కూడా."

ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముఖం మాత్రం ఆఫీసు ముఖమే. తన రూలే తన ఇంట్లోంచి ఒక కుందేలును మోసుకుపోతుంటే దానికి దారి ఇచ్చి కూర్చున్నారు.

"యజమానిని నేనే గదండీ?"

"మీరే."

"నా కుందేలు ఎక్కడుండాలో నేను చెప్పొచ్చునా?"

"చెప్పవచ్చు."

"ఇక్కడ ఉంటుంది. ఆ బోనులో, దాని పక్కన."

ఆయన కుర్చీలోంచి లేచారు. "రాతపూర్వకంగా ఉండాలి" అన్నారు.

"నాకు రాత రాదు సారూ. నోటిమాటే."

"నోటిమాటతో ఉత్తర్వు ఇస్తే, పుచ్చుకున్నవాడు దాన్ని రాసి పెట్టుకోవాలి. నిబంధన ఉంది" అన్నారు. గబగబా బల్ల దగ్గరికి వెళ్ళి, ఒక తెల్లకాగితం తీసి, నాకు వీపు పెట్టి రాయడం మొదలుపెట్టారు. రెండు ముక్కల సంగతికి చాలాసేపు రాశారు. భుజాలు కదులుతున్నాయి.

నేను బుట్ట మూత తీసి, కుట్లకు తగలకుండా రెండోదాన్ని ఎత్తి, మొదటిదాని పక్కన దించి, బోను తలుపు వేశాను. ఆయన ఇంకా రాస్తూనే ఉన్నారు. వంటింట్లోకి పోయి బియ్యం కడిగి ఎసట్లో పోశాను.